లాకరు క్లబ్బుది, మరి నాణేలు?

పోయిన వారం మనం డెలీస్ నాన్‌కివెల్‌ని పోర్ట్ ట్రెగల్ బౌల్స్ క్లబ్బులో, పద్నాలుగో నంబరు లాకరు ముందు వదిలి వచ్చాం. ఆ లాకరు క్లారీ ట్రెవోరోది. ధాన్యం గోదాముల్లో నలభై ఏళ్లు కరెంటు పని చేసి రిటైరైన క్లారీ, డెబ్బై తొమ్మిదో ఏట, అక్టోబరులో నిద్రలోనే పోయాడు. పోతూ వీలునామా అమలు చేసే బాధ్యత డెలీస్ నెత్తిన పెట్టాడు. ఆ వీలునామాలో ఆస్తుల గురించి ఉన్నవి రెండే వాక్యాలు: క్లబ్బులో నా లాకరులో ఉన్నదంతా క్లబ్బుకి. మిగిలినదంతా నా మేనకోడలు టీగన్‌కి.

లాకరులో నాలుగు బౌల్సు, అంటే ఆట బంతులు, ఒక పాత తువ్వాలు ఉంటాయనుకుని తెరిచింది డెలీస్. తువ్వాలు మడతలో బొటనవేలంత యంత్రం, ఇరవై నాలుగు మాటలు చెక్కిన స్టీలు రేకు, ఓ స్కూలు నోటుపుస్తకం బయటపడ్డాయి. పుస్తకం మొదటి పేజీలో క్లారీ గుండ్రటి రాత. "2013. బిట్‌కాయిన్లు ఆరు. అన్నీ కలిపి ఏడు వందల డాలర్లు. డెలీస్ నవ్వుతుంది, చెప్పకూడదు."

క్లారీ పోయిన రోజు ధర కడితే ఆ ఆరు నాణేలు తొమ్మిది లక్షల డాలర్లు.

ఆ సంగతి క్లబ్బు గోడలు దాటకుండా చూడాలని డెలీస్ అనుకుంది. ముప్పై ఏళ్లు ఊరి పోస్టాఫీసు నడిపిన మనిషి. ఏది ఎవరి చేతికి ఇవ్వాలో, దేన్ని నోరు మూసుకుని పక్కన పెట్టాలో ఆమెకు బాగా తెలుసు. కాని లాకరు తెరిచినప్పుడు సాక్షిగా పక్కన నిలబడ్డవాడు కెల్విన్ రాడ్డా. క్లబ్బు ప్రెసిడెంటు, ఊళ్లో మాంసం కొట్టు అతనిదే. కెల్విన్‌కి ఒక మాట చెప్పామంటే అది సాసేజిలతో పాటు పొట్లం కట్టి ఊరంతా పంచినట్టే. శనివారం లాకరు తెరిచారు. సోమవారానికల్లా కార్పెట్ కంపెనీ మనిషి వచ్చి, చిరిగిపోయిన గ్రీనుకి, అంటే బంతులు దొర్లించే రింకుల వరసలున్న మైదానానికి, కొత్త పచ్చ కార్పెట్ వెయ్యడానికి కొలతలు తీసుకుని వెళ్లాడు.

"రెండున్నర లక్షలు అవుతుందట," అని కెల్విన్ ఫోన్ చేసి చెప్పాడు. "మిగతాదాంతో వంటగది, నీడకు పైకప్పు. డెలీస్, మన వాళ్లు ఇక నాలుగో రింకు మీద చిరుగుకి అంటించిన టేపు తట్టుకుని పడరు."

"ఆ డబ్బు మనదని ఎవరన్నారు?" అంది డెలీస్.

"క్లారీ అన్నాడు. రాసి సంతకం కూడా పెట్టాడు."

బుధవారం మధ్యాహ్నం మూడింటికి క్లబ్బులో కూర్చుని అన్నీ మాట్లాడుకుందామని కడైనా పట్నం నుంచి లాయరమ్మ ఇలెని వర్దాకిస్ కబురు పంపింది. డెలీస్‌కి ఏ పనికైనా పది నిమిషాలు ముందు వెళ్లే అలవాటు. ఆ రోజు ఎందుకో అరగంట ముందే బయల్దేరింది.

వెళ్లేసరికి బారు పక్క బల్ల దగ్గర కెల్విన్, టీగన్ ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు. మధ్యలో మాంసం, ఉల్లిపాయ కూరి కాల్చిన పాస్టీల పళ్లెం, టమాటా సాస్ సీసా, ఒక టైపు చేసిన కాగితం. ఫ్యాన్లు ఫుల్ స్పీడులో తిరుగుతున్నా గది నిండా ఫిబ్రవరి నడివేసవి ఉడుకు.

టీగన్ చెనోవెత్‌కి ముప్పై నాలుగేళ్లు. పీతల పడవ మీద పని. తెల్లారకముందే సముద్రంలోకి వెళ్లి మధ్యాహ్నానికి ఒడ్డుకు వస్తుంది. ఆరేళ్లుగా కారవాన్ పార్కులోనే కాపురం. మామయ్య రాతి ఇల్లు తనకి వస్తోందని తెలిసిన రోజు నుంచీ సెలవు దొరికితే చాలు, నిచ్చెన వేసుకుని ఆ ఇంటి కప్పు బాగు చేసుకుంటోంది. ఇప్పుడు కూడా పడవ మీంచి సరాసరి వచ్చినట్టుంది, కాళ్లకు ఇంకా రబ్బరు బూట్లే ఉన్నాయి.

"అరే, నువ్వూ తొందరగా వచ్చేశావే," అన్నాడు కెల్విన్. అతని మొహంలో సంతోషం మాత్రం లేదు.

"నువ్వెన్నింటికి రమ్మన్నావు ఈ అమ్మాయిని?"

"రెండుంపావుకి," అంది టీగన్ పాస్టీ నములుతూనే. "పెద్దాయన నాకు మధ్యాహ్నం భోజనం పెట్టిస్తానన్నారు. ఉల్లిపాయ ఎక్కువైంది కాని బాగానే ఉంది."

"మా నాయనమ్మ పాళ్లు అవి," అన్నాడు కెల్విన్. "ఉల్లిపాయకి వంక పెట్టినవాళ్లు ఈ ఊళ్లో నువ్వే మొదలు."

డెలీస్ కుర్చీ లాక్కుని కూర్చుని, కాగితం తన వైపు తిప్పుకుంది. కెల్విన్ స్వయంగా టైపు చేసిందని మొదటి లైనులోనే తెలిసిపోయింది. లాకరులో దొరికిన వస్తువుల మీద, వాటిలోని నాణేల మీద తనకు ఎలాంటి హక్కూ లేదని టీగన్ ఒప్పుకుంటున్నట్టు రాసి ఉంది. కింద సంతకానికి చుక్కల గీత. గీత పక్కన కెల్విన్ కలం.

"ఇదేమిటి కెల్విన్?"

"ఏముంది, మామూలు కాగితం. లాయరమ్మ వచ్చేలోపు పని అయిపోతే ఆవిడకీ శ్రమ తప్పుతుంది, మనకీ ఫీజు తగ్గుతుంది."

"నాకు అభ్యంతరం లేదు డెలీస్ ఆంటీ," అంది టీగన్. "ఆ నాణేల సంగతి నాకు నిన్నటిదాకా తెలియనే తెలియదు. తెలియనిదాని కోసం ఊరివాళ్లతో గొడవ ఎందుకు? నాకు ఇల్లు చాలు. క్లారీ మామయ్య వారానికి నాలుగు రోజులు ఇక్కడే గడిపేవాడు. కార్పెట్ వేసుకోనివ్వండి." అంటూ కలం తీసుకుంది.

డెలీస్ అరచెయ్యి కాగితం మీద ఆనించింది. ఎందుకు ఆపిందో ఆ క్షణంలో అడిగితే ఆమె కూడా చెప్పలేకపోయేది. పోస్టాఫీసులో మనియార్డరు ఫారాలు నింపేటప్పుడు, అన్ని గళ్లూ సరిగ్గా ఉన్నా ఏదో తేడాగా అనిపించేది అప్పుడప్పుడూ. అలాంటప్పుడు ఆమె స్టాంపు వేసేది కాదు.

"లాయరమ్మని రానీ," అంది.

"డెలీస్," అని కెల్విన్ గొంతు తగ్గించాడు. "అమ్మాయి ఇష్టపడే ఇస్తోంది కదా. నువ్వు ఈ క్లబ్బు జీవిత సభ్యురాలివి. గోడ మీద నీ ఫొటో ఉంది. ఇంతకీ నువ్వు ఎవరి పక్షం?"

"క్లారీ పక్షం."

"క్లారీ క్లబ్బుకే ఇమ్మన్నాడు."

"లాకరులో ఉన్నది ఇమ్మన్నాడు. పదకొండేళ్లు ఆ మనిషితో జతగా ఆడాను కెల్విన్. బంతి ఎక్కడ ఆగాలో అంగుళాల్లో చెప్పేవాడు. అలాంటివాడు మనసులో ఉన్నది అంత వదులుగా ఎందుకు రాశాడో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు. నవ్వుతానని నాకు చెప్పలేదట. నవ్వేదాన్నే, ఒప్పుకుంటాను. కాని నవ్వాక వీలునామా సరిగ్గా రాయించేదాన్ని."

టీగన్ కలం కింద పెట్టేసింది. "అయితే ఇంకో పాస్టీ తింటా," అంది.

మూడింటికి అయిదు నిమిషాలుందనగా ఇలెని వచ్చింది. ముప్పై దాటని పిల్ల. చంకలో లాప్‌టాప్, చేతిలో కారు తాళాలు, మెడ మీద ఈగలు. బల్ల మీది కాగితం చదివి, రెండుగా మడిచి, కెల్విన్ చేతికే ఇచ్చేసింది.

"దీన్ని దాచుకోండి సార్. ఎవరికీ చూపించొద్దు. ముందే ఒక మాట. నేను డెలీస్ గారి లాయర్ని. మీ ఇద్దరూ కావాలంటే మీ మీ లాయర్లని అడగొచ్చు."

"నాకు తెలిసిన లాయరు ఎవరూ లేరు," అంది టీగన్. "మీరు చెప్పండి, వింటా."

"సరే. మొదటి ప్రశ్న, నాణేలు లాకరులో ఉన్నాయా?"

"ఉన్నాయి. ఆ బుల్లి యంత్రంలో," అన్నాడు కెల్విన్.

"లేవు. ఆ యంత్రంలో ఉన్నది తాళం మాత్రమే. ఏ నాణెం ఎవరిదన్న లెక్క ప్రపంచంలో వేల కంప్యూటర్లలో ఒకేలా రాసి ఉంటుంది. ఈ యంత్రాన్ని మీరు సముద్రంలో పారేసినా నాణేలు ఉన్నచోటే ఉంటాయి. ఈ రేకు మీది మాటలు తెలిసినవాళ్లు ఇంకో యంత్రంతో వాటిని కదపగలరు."

"అయితే తాళం ఇచ్చినవాడు ఇల్లు ఇచ్చినట్టు కాదన్నమాట," అంది టీగన్.

"ఒక జడ్జి అలా అనొచ్చు. ఇంకో జడ్జి, పర్సు ఇచ్చినవాడు పర్సులో డబ్బు కూడా ఇచ్చినట్టే కదా అనొచ్చు. సరిగ్గా ఇలాంటి కేసు నాకు ఇంతవరకు దొరకలేదు. కోర్టుకి వెళ్తే అడిలైడ్‌లో పెద్ద లాయర్లు మన క్లారీ గారి పేరుతో రెండేళ్లు హాయిగా బతుకుతారు."

"అందుకే ఆ కాగితం రాశాను," అన్నాడు కెల్విన్, కొంచెం ధైర్యం వచ్చి. "అమ్మాయి వద్దంటోంది. క్లబ్బు తీసుకుంటుంది. గొడవ లేదు."

"గొడవ అక్కడే ఉంది సార్." ఇలెని లాప్‌టాప్ తెరిచింది. "మామూలుగా మనిషి పోయి ఆస్తి వారసులకి వెళ్తే, ఆ రోజే లాభం మీద పన్ను పడదు. వారసులు అమ్ముకున్నప్పుడు వాళ్లు కట్టుకుంటారు. కాని మీ క్లబ్బు ఆటల క్లబ్బు. ఆదాయపు పన్ను కట్టదు. అవునా?"

"ఒక్క సెంటు కట్టం," అన్నాడు కెల్విన్ గర్వంగా.

"అదే చిక్కు. పన్ను కట్టని సంస్థకి ఆస్తి వెళ్తే ఇక ఆ లాభం మీద సర్కారుకి ఎప్పటికీ ఏమీ రాదు. అందుకని చట్టం ఏమంటుందంటే, ఆ మనిషి పోయేముందు అమ్మినట్టే లెక్క, పన్ను ఆయన ఆఖరి రిటర్నులో కట్టాలి. ఏడు వందలకి కొన్నది తొమ్మిది లక్షలైంది. ఎక్కువ కాలం దగ్గర పెట్టుకున్నాడు కాబట్టి లాభంలో సగం లెక్కలోంచి తీసేస్తారు. మిగతా సగం మీద, నేను వేసిన అంచనా ప్రకారం, దాదాపు లక్షా డెబ్బై అయిదు వేలు."

"చచ్చిపోయినవాడి దగ్గర వసూలు చేస్తారా?" అన్నాడు కెల్విన్.

"మీ కొట్టు నడిచేది కూడా చచ్చినవాటి మీదే కదా," అంది టీగన్.

డెలీస్‌కి నవ్వు రాలేదు. పొద్దున్నుంచీ తన లోపల ఎక్కడో గుచ్చుకుంటున్నది ఏమిటో ఇప్పుడు తెలుస్తోంది. "ఆ లక్షా డెబ్బై అయిదు వేలు ఎవరు కట్టాలి?" అని అడిగింది. "నాణేలు తీసుకున్న క్లబ్బా?"

"కాదు. క్లారీ గారి ఆస్తిలోంచి కట్టాలి. వీలునామాలో వేరేగా రాయలేదు కాబట్టి ముందు 'మిగిలినదంతా' అన్న భాగంలోంచి."

"మిగిలింది అంటే?"

"బ్యాంకులో పదకొండు వేలు. ఒక ఇల్లు."

 టీగన్ నమలడం ఆపేసింది.

"అంటే," అంది నెమ్మదిగా, "నాణేలు వాళ్లకి. పన్ను నాకు. పన్ను కట్టడానికి ఇల్లు అమ్మాలి."

"అమ్మాల్సింది డెలీస్ గారు. అమ్మకుండా మీకు ఇచ్చేసి, తర్వాత పన్ను కట్టడానికి ఏమీ మిగలకపోతే పన్నుల వాళ్లు ఈవిడ్నే అడుగుతారు. ఈవిడ సొంత డబ్బులోంచి కట్టాలి."

టీగన్ లేచి నిలబడింది. ఆమె కోపం అరుపుగా రాలేదు. ప్రెసిడెంటు వైపు ఒంగి, పీత కొండి పట్టుకున్నంత జాగ్రత్తగా మాట్లాడింది. "పెద్దాయనా, ఆ కప్పు మీద డెబ్బై రేకులు నేనే మార్చాను. ఎండకి వీపు తోలు ఊడింది. మీరు పాస్టీ పెట్టి, కలం ఇచ్చి, నా ఇల్లు నా చేతే రాయించుకుందామనుకున్నారు."

"నాకు తెలియదు," అన్నాడు కెల్విన్. "దేవుడి మీద ఒట్టు. పన్ను సంగతి నాకు తెలియదు."

"తెలియకపోతే లాయరు రాకముందే ఎందుకు పిలిచారు?"

కెల్విన్ తన చేతిలోని మడత కాగితాన్ని చించి, చించినదాన్ని మళ్లీ చించి, ముక్కలన్నీ ఖాళీ పళ్లెంలో వేశాడు. లావుపాటి చెంపలు ఎర్రగా కందిపోయాయి. అతన్ని చిన్నప్పట్నుంచీ ఎరిగిన డెలీస్‌కి, ఇక ఆ మొహంలో నటన లేదని తెలిసింది.

"ఎందుకంటే నువ్వు ఊఁ అంటావని తెలుసు," అన్నాడు చివరికి. "మంచిదానివి కాబట్టి అంటావని తెలుసు. దాన్ని వాడుకోవాలని చూశాను. తప్పే. కార్పెట్ పిచ్చి పట్టింది నాకు."

"కూర్చో అమ్మాయ్," అంది డెలీస్. "నువ్వూ కూర్చో కెల్విన్. ఇలెని, నాణేలు టీగన్‌కే వెళ్తే ఏమవుతుంది?"

"ఈ రోజు పన్ను లేదు. ఆమె అమ్మినప్పుడు కట్టాలి. ఒక్కసారే కాకుండా కొన్నేళ్ల మీద కొంచెం కొంచెంగా అమ్ముకుంటే తక్కువే పడుతుంది. ధర పడిపోతుందన్న భయం ఉంటుందనుకోండి, అది వేరే."

"సముద్రంలో పీతల ధర కూడా రోజూ పడుతూనే ఉంటుంది," అంది టీగన్. కోపం ఇంకా గొంతులోనే ఉంది. కాని కూర్చుంది.

"అలాగైతే క్లబ్బుకి ఏం మిగులుతుంది?" అని గొణిగాడు కెల్విన్.

"లాకరులో ఉన్నదంతా," అంది డెలీస్. "నాలుగు బౌల్సు. తువ్వాలు. నాణేలు పక్కకి పంపేశాక ఆ బుల్లి యంత్రం కూడా. మేకు కొట్టి గోడకి తగిలించుకో."

టీగన్ పెదవి చివర కదిలింది. కిటికీలోంచి చిరిగిన గ్రీను వైపు కాసేపు చూసింది. "నాలుగో రింకు మీద మామయ్య ఒకసారి తట్టుకుని పడ్డాడు," అంది. "మూడు వారాలు కుంటుతూ నడిచాడు. కార్పెట్‌కి కట్టేది మీ ప్రెసిడెంటు కోసం కాదు. నాణేలు నాకు వస్తే, అమ్ముకున్నప్పుడల్లా నాలుగో వంతు క్లబ్బుకి ఇస్తాను. ఇవ్వాల్సి వచ్చి కాదు, నాకు ఇష్టమై."

"అది ఒప్పందంగా రాయొద్దు, రాస్తే ఆ భాగం క్లబ్బుకి వెళ్లినట్టే లెక్కేసి మళ్లీ పన్ను అడగొచ్చు," అంది ఇలెని వెంటనే. "నేను ముందు పన్నుల ఆఫీసుకి రాసి, వాళ్ల నుంచి జవాబు తెప్పిస్తాను. క్లబ్బు కూడా కమిటీ కూర్చుని, నాణేల మీద తమ వాదన వదులుకుంటున్నామని తీర్మానం చెయ్యాలి. ప్రెసిడెంటు ఒక్కరు చెబితే చాలదు."

"కమిటీ సంగతి నాకు వదిలెయ్యండి," అన్నాడు కెల్విన్. అతని గొంతులో జీవం తిరిగొచ్చింది. "అమ్మాయ్, చెయ్యి ఇవ్వు. ఉల్లిపాయ కూడా తగ్గిస్తాను."

"ఉల్లిపాయ జోలికి పోవద్దు," అంది టీగన్ చెయ్యి కలుపుతూ. "మీ నాయనమ్మ ఏ పాపం చేసింది?"

డెలీస్ నాలుగు నెలల తర్వాత మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలింది. క్లారీ చూసి ఉంటే ఒక కనుబొమ్మ ఎత్తి, బంతి అంగుళం కుడికి ఆగింది, పర్వాలేదు అని ఉండేవాడు. కెల్విన్ బారులోంచి చల్లటి బీరు గ్లాసులు తెచ్చాడు, లాయరమ్మకి నిమ్మరసం.

"పని పూర్తి చేద్దాం," అంది ఇలెని. "నాణేలు నిజంగా ఉన్నాయో లేదో ఇప్పుడే చూడొచ్చు. లెక్క అందరికీ కనపడేదే, అడ్రసు ఉంటే చాలు." క్లారీ నోటుపుస్తకం తెరిచి, అందులోని పొడవాటి అక్షరాల వరస ఒక్కొక్కటే నొక్కింది. ముగ్గురూ ఆమె భుజం మీదుగా ఒంగారు.

తెర మీద అంకె వచ్చింది. ఇలెని దాన్ని రెండోసారి చదివింది.

"ఆరు కావాలి కదా," అంది. "అయిదు పాయింట్ ఎనిమిది రెండు ఉంది."

"చిల్లరేగా," అన్నాడు కెల్విన్.

"ఆ చిల్లర ఇరవై ఏడు వేల డాలర్లు సార్." ఆమె వేలు కిందికి జరిగింది. వరసగా లైన్లు. నెలకొకటి. ప్రతి నెలా ఒకటో తారీఖున, ఒక నాణెంలో రెండు వందలో వంతు, ప్రతిసారీ అదే అడ్రసుకి. మొత్తం ముప్పై ఆరు.

"క్లారీ ఎవరికో నెలనెలా పంపేవాడన్నమాట," అంది డెలీస్. ఆమెకు కొంచెం బాధ, కొంచెం సంతోషం కలిగాయి. ఎవరికో సాయం చేసి ఉంటాడు, చెప్పి ఉండడు. అంతా అతని పద్ధతే.

టీగన్ మాత్రం పై లైను దగ్గరే ఆగిపోయింది. "ఇది ఫిబ్రవరి ఒకటి," అంది. "పోయిన ఆదివారం."

దాని కింద జనవరి ఒకటి. డిసెంబరు. నవంబరు.

క్లారీని పాతిపెట్టింది అక్టోబరు పంతొమ్మిదిన.

"తనంతట తానే వెళ్లేలా పెట్టి ఉండొచ్చా?" అని అడిగింది డెలీస్.

"ఈ రకం యంత్రంతో కుదరదు. ప్రతిసారీ ఒక మనిషి కూర్చుని ఒప్పుకోవాలి. యంత్రం లాకరులో ఉంది. అంటే ఆ ఇరవై నాలుగు మాటలు తెలిసిన మనిషి ఇంకొకరు ఉన్నారు." ఇలెని డెలీస్ వైపు తిరిగింది. "ఆ మనిషి తలుచుకుంటే ఈ సాయంత్రమే మొత్తం తీసేసుకోవచ్చు. అప్పుడు లెక్క చెప్పాల్సింది మీరు."

కెల్విన్ బీరు గ్లాసు బల్ల మీద పెట్టాడు. చాలా నెమ్మదిగా, చప్పుడు కాకుండా.

"డెలీస్," అన్నాడు. "ఒక సంగతి చెప్పాలి. కోప్పడకూడదు."

"ఆ మాటలు నీకు తెలుసా?"

"నాకు మాటలు తెలియవు. మనిషి తెలుసు. ఎవరికీ చెప్పొద్దని క్లారీ నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నా జన్మలో నేను దాచిన రహస్యం అదొక్కటే." కెల్విన్ గడ్డంతో కిటికీ వైపు చూపించాడు. "ఇప్పుడు రెండో రింకు మీద ఆడుతోంది."

డెలీస్ లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. బయట ఆడవాళ్ల బుధవారం పోటీ సగంలో ఉంది. రెండో రింకు మీద తెల్ల టోపీలు పెట్టుకుని నలుగురు. ముప్పై ఏళ్లు ఆ నలుగురికీ ఉత్తరాలు అందించింది తనే. అందులో ఒకామె బంతి వదిలి, నడుము నిమురుకుంటూ లేచి, కిటికీలో డెలీస్‌ని చూసి చెయ్యి ఊపింది.